సీ-219 గారితో ఒక బుధవారం

పొద్దున్న ఎనిమిదింటికే ల్యాబ్ తలుపు తీశాను. ఇదేమీ శ్రద్ధ కాదు. పది దాటితే జెల్ నడిపే పెట్టె ఇంకొకరి చేతిలోకి పోతుంది, ఆ తర్వాత సాయంత్రం దాకా దాని చుట్టూ ప్రదక్షిణలే.

పోయిన వారం చేసిన బ్లాట్ ఇంకా కళ్ళముందే ఉంది. బ్లాట్ అంటే, ప్రోటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి, ఒక పలచటి పొర మీదికి దింపి, మనకి కావాల్సినదాన్ని యాంటీబాడీతో వెతకడం. 170 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకి కొలత) దగ్గర కనపడాల్సిన పి-గ్లైకోప్రోటీన్ బ్యాండ్ జాడ లేదు. పైఅంచున, శాంపిల్ పోసిన గుంటల దగ్గర మాత్రం ఒక మరక, ఎవరో కాటుక వేలు తుడిచినట్టు. ఆ ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే యాంటీబాడీ, అదే సీ-219, చచ్చిపోయిందనే అనుకున్నాను. పార్సెల్ దారిలో ఎక్కడో రోజుల తరబడి ఆగి, చేతికొచ్చేసరికి ఐస్ ప్యాకులు గోరువెచ్చగా ఉన్నాయి మరి. సీసాలో ఉండేది వంద మైక్రోలీటర్లు, ఖరీదు చూస్తే నా నెల ఫెలోషిప్ చాలదు. అమ్మినవాళ్ళకి ఘాటుగా మెయిల్ కూడా రాసుకున్నాను, పంపడమే తరువాయి.

నిన్న టీ దగ్గర ఈ గోడంతా మా సీనియర్ అక్కతో వెళ్ళబోసుకున్నాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"శాంపిల్ మరిగించావా?"

"95 దగ్గర అయిదు నిమిషాలు అక్కా. ఎప్పుడూ చేసేదేగా."

"ఇంకేం. గుడ్డు ఉడకబెట్టి సొన కారట్లేదంటే ఎలా?"

నిజమే. మామూలు ప్రోటీన్లని మరిగిస్తే మడతలు విప్పుకుని జెల్‌లో బుద్ధిగా పరిగెడతాయి. పి-గ్లైకోప్రోటీన్ అలా కాదు. కణం పొరలో ఉంటుంది, ఆ పొరని అటూ ఇటూ పన్నెండు సార్లు దాటుతుంది. ఆ దాటే ముక్కలకి నీళ్ళంటే పడదు. వేడి తగలగానే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టేస్తాయి, ముద్ద జెల్‌లోకి దిగదు. 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే చాలు. ఈ మాట ప్రోటోకాల్‌లో ఉంది, నేను చదివాను కూడా. చెయ్యి మాత్రం దాని అలవాటున అది పోయింది.

ఈ ప్రోటీన్‌కి ఆ 'పి' ఎలా వచ్చిందో నాకు భలే ఇష్టం. 1976లో టొరంటోలో జూలియానో, లింగ్ ఇద్దరూ కోల్చిసిన్ అనే మందుకి లొంగని చైనీస్ హామ్‌స్టర్ కణాల మీద దీన్ని చూశారు. మందు లోపలికి రాకుండా ఇది అడ్డుపడుతోందనుకుని పర్మియబిలిటీ, అంటే లోపలికి చొరనిచ్చే గుణం, అందులోంచి పి తీసి పెట్టారు. తర్వాత తేలింది, అది తలుపు మూయడం లేదు, పడవలో చేరిన నీళ్ళు తోడిపోసినట్టు మందుని బయటికి తోడేస్తోంది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. క్యాన్సర్ కణాల్లో దీన్ని దొంగలా చూస్తాం గానీ, మన పేగుల్లోనూ మెదడు రక్తనాళాల గోడల్లోనూ కాపలా కాసేదీ ఇదే.

దీన్ని పట్టిచ్చే సీ-219 యాంటీబాడీ లింగ్ ల్యాబ్‌లోనే పుట్టింది, 1985లో. ఎలుక కణాల్లోంచి చేసిన ఆ క్లోన్ ఇప్పటికీ అదే యాంటీబాడీని ఇస్తూనే ఉంది. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అందుకే మా ల్యాబ్‌లో సీ-219 గారు అంటాం. పెద్దాయనకి చూపు కాస్త ఆనదు కూడా. గుండె కండరం చూపిస్తే అక్కడి మయోసిన్‌ని పట్టుకుని ఇదే అదంటారు. అందుకని పక్కన ఎప్పుడూ ఏమీ ఉండకూడని వరుస ఒకటి పెట్టాలి.

ఆ ఖాళీ వరుసకీ, అసలు వరుసకీ సరిపడే కణాల జోడీ నా దగ్గర ఉంది. కేబీ-3-1 మందుకి లొంగే మామూలు క్యాన్సర్ కణాలు. వాటినే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందుకి కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే వచ్చినవి కేబీ-వీ1. విన్‌బ్లాస్టిన్ తీసేది బిళ్ళగన్నేరులోంచి, అదే మా పెరట్లో ఎవరూ నాటకుండానే మొలిచేది. అమ్మకి ఫోన్‌లో చెబితే, "మేక కూడా ముట్టదే దాన్ని! అందులో పెరుగుతున్నాయా?" అంది. మా సార్ పెట్టిన సెమినార్లలో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఇవాళ హీటర్‌ని 37కి తిప్పి, తిప్పానా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను. జెల్ నెమ్మదిగా నడిపాను. పలచటి జెల్, ఎత్తితే పాలమీగడలా జారుతుంది. పెద్ద ప్రోటీన్ జెల్‌లోంచి బ్లాట్ పొర మీదికి దిగాలంటే చాలాసేపు పడుతుంది, మూడు గంటలు కోల్డ్ రూమ్‌లో వదిలేశాను. తర్వాత పొరని అడ్డంగా కోసి, పైముక్కని పాలపొడి నీళ్ళలో నానబెట్టి, చిన్న ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి సీలు వేశాను. ట్రేలో అయితే ఎక్కువ పడుతుంది, కవర్‌లో పది మైక్రోలీటర్ల యాంటీబాడీ రెండు మిల్లీలీటర్లలో కలిపితే సరిపోతుంది. ఇంట్లో అడుగంటిన నెయ్యి గీకేటప్పుడు కూడా ఇంత పొదుపు చూపించను.

ఏడు గంటలకి ఫొటో తీశాను. కుడి వరుసలో, కేబీ-వీ1 ఉన్నచోట, 170 దగ్గర వెడల్పాటి, అంచులు చెదిరిన బ్యాండ్, మీసంలా. ప్రోటీన్‌కి అంటుకున్న చక్కెర గొలుసులు అన్నీ ఒక్క పొడవు ఉండవు కాబట్టి గీత గీసినట్టు రాదు. ఎడమ వరుస, కేబీ-3-1ది, తెల్లగా, ఖాళీగా. ఆ ఖాళీనే ఎక్కువసేపు చూశాను. కాంట్రాస్ట్ పెంచి చూశాను, అయినా ఖాళీనే.

డ్రాఫ్ట్‌లో ఉన్న మెయిల్ తీసేశాను. ఫొటో సార్‌కి పంపాను. రెండు నిమిషాల్లో జవాబు: "యాక్టిన్ ఏది?"

యాక్టిన్ అన్ని కణాల్లోనూ ఉండే ప్రోటీన్, రెండు వరుసల్లోనూ శాంపిల్ సమానంగా పోశాననడానికి అదే సాక్ష్యం. అది ఉండే కిందిముక్క డబ్బాలో, ఫ్రిజ్‌లో రెండో అరలో ఉంది. రేపు దాని వంతు. పదేసి మైక్రోలీటర్లుగా పంచి దాచిన సీ-219 గారు ఇంకా ఎనిమిది ట్యూబులు మిగిలారు.