ఫైనల్ రాత్రికి అనంతపురం

మే 21 మధ్యాహ్నం కర్నూలు బస్టాండులో అనంతపురం బస్సెక్కేసరికి చొక్కా లోపల మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీ చెమటకు వీపుకంటుకుపోయింది. ఆ జెర్సీని నలుగురికీ కనబడేలా వేసుకొని ఆరు నెలలైంది.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌ను 20 సార్లు గెలిచిన ఆ క్లబ్ 2025లో ఆ రోజుకు పట్టికలో 16వ స్థానంలో ఉంది. కర్నూలులో క్రికెట్ తప్ప వేరే ఆట గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. ఆదివారాలు రాజ్ విహార్ దగ్గర టీ తాగుతూ ఫుట్‌బాల్ మాట్లాడుకునే గుంపులో మేం ఐదుగురమే. ఓటమి మీద ఓటమి వచ్చేసరికి నేను పోవడం మానేశాను. "ఏమప్పా, మళ్లా ఓడినారంట?" అనే ఒక్క మాటకు భయపడి వాట్సాప్ గ్రూపు కూడా మ్యూట్ చేశాను. ఏప్రిల్ 27న మా పాత ప్రత్యర్థి లివర్‌పూల్ కూడా 20వ లీగ్ టైటిల్ గెలిచి మాతో సమానమైంది. ఆ తర్వాతి వారమే అనంతపురంలో నా హాస్టల్ మిత్రుడి గృహప్రవేశం. వాడు లివర్‌పూల్ అభిమాని. జ్వరమని అబద్ధం చెప్పి పోలేదు. అది ఇప్పటికీ గుచ్చుతోంది. అయినా వాడే ఫోన్ చేసి, "యూరోపా ఫైనల్ మా ఇంట్లో చూద్దాం, రా" అన్నాడు. లీగ్‌లో మునిగినా, యూరప్ క్లబ్బులు ఆడే యూరోపా లీగ్ కప్పులో మాత్రం మేం ఫైనల్ దాకా వచ్చాం.

డోన్ దాటేదాకా కిటికీలోంచి వడగాలే. గుత్తి దగ్గర బస్సు ఆపిన హోటల్లో 20 రూపాయల నీళ్ల సీసా 30కి అమ్ముతున్నారు. చల్లారిపోయిన ఉగ్గాని, రెండు బజ్జీలు 60 రూపాయలు. మా వీధిలో సగం ధరకు పొగలు కక్కుతూ పెడతారు. ఉక్క తట్టుకోలేక చొక్కా విప్పి భుజాన వేసుకున్నాను.

"యునైటెడ్డా అన్నా?"

పక్క సీటు అమ్మాయి. పద్నాలుగేళ్లుంటాయేమో. ఒడిలో కిట్ బ్యాగు, పక్కన వాళ్లమ్మ. ఎగతాళి చేస్తుందేమోనని నా ఒళ్లంతా బిగుసుకుంది. తను అడిగింది వేరే: "రాత్రి ఫైనల్ యాడ చూస్తారన్నా?"

అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడుతుందట. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన సంస్థ అది. ఆ రాత్రి ఫైనల్ కూడా స్పెయిన్‌లోనే, బిల్బావోలో. ఆ సంగతి ఆ పాపకు నాకంటే ముందే తెలుసు. తను గోల్‌కీపర్. వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిపోయారట. ఓడిన రోజు ఏం చేస్తారని అడిగాను.

"ఓడిన రోజు సార్ అందర్నీ ఒకే ఆటోలో ఎక్కిస్తాడన్నా. గెలిస్తే ఎవరికి వాళ్లు పోవచ్చు."

వాళ్లమ్మ నవ్వి, "ఇంటికొచ్చేసరికి ఏడుపంతా ఆటోలోనే అయిపోయుంటాది" అంది. పామిడి దగ్గర పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. వంతెన దాటినా నేను మాట్లాడలేకపోయాను. ఆరు నెలలు నేను ఒక్కణ్నే ఇంటికి పోయాను కదా.

సప్తగిరి సర్కిల్ దగ్గరికి మిత్రుడు బండేసుకొని వచ్చాడు. సరిగ్గా 17 ఏళ్ల కిందట, 2008 మే 21 రాత్రి, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో చెల్సీ మీద మేం పెనాల్టీల్లో గెలిచినప్పుడు హాస్టల్ టీవీ గదిలో నన్ను భుజాలకెత్తుకున్నవాడు వీడే. లివర్‌పూల్ అభిమాని అయ్యుండి!

మ్యాచ్ రాత్రి పన్నెండున్నరకు. ప్రత్యర్థి టాటెన్‌హామ్, 17వ స్థానంలో ఉన్న జట్టు. 42వ నిమిషంలో వాళ్ల బ్రెనన్ జాన్సన్ గోల్. తర్వాత మా హోయ్‌లుండ్ తలతో కొట్టిన బంతిని వాళ్ల వాన్ డి వెన్ గోల్ గీత మీదినుంచి కాలెత్తి బయటికి తన్నేసినప్పుడు మాత్రం ఇద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం. 1-0తో ఓడిపోయాం. రెండున్నరకు వాడు టీవీ ఆపేశాడు. ఒక్క మాట కూడా అనలేదు. వాళ్లావిడ మూతపెట్టి ఉంచిన ఓలిగలు తెచ్చి, నెయ్యి వేసి ముందు పెట్టాడు.

"ఆ రోజు నాకు జ్వరం లేదురా" అన్నాను.

"తెలుసు. తిను."

తిన్నాక లైట్లన్నీ వేసి, గృహప్రవేశం నాడు చూపించాల్సిన ఇల్లు గది గదీ చూపించాడు. దేవుడి గది, పిల్లల గది, మేడ మీద ట్యాంకు. చివరికి పెరట్లోకి తీసుకెళ్లి, నీళ్లు పడేదాకా బోరు ఎన్ని అడుగులు వేయాల్సి వచ్చిందో తెల్లవారేదాకా చెప్పాడు.