టైమింగ్ బెల్ట్ మార్చారు సరే, బ్యాలెన్స్ బెల్ట్ సంగతేంటి?

పాత హోండా అకార్డ్ 2.3 కార్లు బెంగళూరులో ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. అందులో ఒకటి నాది, పెదనాన్న గారి దగ్గర తీసుకున్నది. బండితో పాటు బిల్లుల ఫైలు కూడా ఇచ్చారు. అందులో టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు ఉంది, వాటర్ పంపు ఉంది, బ్యాలెన్స్ బెల్ట్ మాత్రం ఎక్కడా లేదు. ఈ ఇంజన్ ఉన్న బండి మీ దగ్గర ఉంటే ముందు మీ ఫైలు తీసి చూడండి, ఎందుకంటే చాలామంది ఆ చిన్న బెల్టును వదిలేస్తారు.

ఈ ఇంజన్లో పళ్ళ బెల్టులు రెండు. పెద్దది క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పి వాల్వులను నడిపిస్తుంది. చిన్నది రెండు బ్యాలెన్స్ షాఫ్టులను తిప్పుతుంది. నాలుగు సిలిండర్లు వరసగా ఉన్నప్పుడు రెండు పిస్టన్లు పైకి, రెండు కిందికి పోతాయి కాబట్టి లెక్క సరిపోవాలి, కానీ కనెక్టింగ్ రాడ్ వాలు వల్ల పిస్టన్ పై సగంలో వేగంగా, కింది సగంలో కొంచెం నెమ్మదిగా కదులుతుంది, ఆ తేడా క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ఒక్క చుట్టు తిరిగేలోపు ఇంజన్ను రెండుసార్లు కుదుపుతుంది. ఆ కుదుపును అణచడానికే ఒకదానికొకటి ఎదురు దిశలో, క్రాంకుకు రెట్టింపు వేగంతో తిరిగే షాఫ్టులు పెట్టారు. బండి 3000 ఆర్‌పీఎంలో పోతుంటే అవి 6000లో తిరుగుతాయి. 1970లలో మిత్సుబిషి ఈ పద్ధతిని బాగా వాడకంలోకి తెచ్చింది, తర్వాత పోర్షే కూడా తన 944 కోసం వాళ్ళ దగ్గరే లైసెన్సు తీసుకుంది. నాకు ఈ విషయం ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన, చిత్తూరు వైపు మనిషి, "ఆ చిన్న బెల్ట్ తెగితే ఏం కాదు సార్, కొంచెం వణుకుతుంది అంతే, తీసేసినా నడుస్తుంది" అన్నారు. మంచి పనివాడే, కానీ ఈ ఒక్క మాట నేను ఒప్పుకోను. రెండు బెల్టులూ ఒకే కవర్ వెనక, పక్కపక్కనే తిరుగుతాయి. చిన్నది చిరిగి దాని ముక్క పెద్దదాని పళ్ళలో ఇరుక్కుంటే టైమింగ్ తప్పుతుంది, ఈ ఇంజన్లో టైమింగ్ తప్పితే పిస్టన్లు వెళ్ళి వాల్వులకు తగులుతాయి. అప్పుడు హెడ్ దించాల్సిందే.

ఇంకో సంగతి, మన ఊళ్ళో కిలోమీటర్ల లెక్క ఒక్కటే నమ్మకండి. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో ఆగి ఉన్నంతసేపూ మీటరు కదలదు, బెల్ట్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పైగా రబ్బరు ఊరికే నిలబెట్టినా వయసుకు గట్టిపడుతుంది. మాన్యువల్లో కిలోమీటర్లతో పాటు సంవత్సరాలు కూడా ఇచ్చి ఉంటే ఏది ముందొస్తే అది.

మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లో ఇలాంటి పనికి అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరు, అందుకే కేఆర్ పురంలో బాబాయి ఇంటి ముందు చేశాను. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఎడమ ముందు చక్రం విప్పి, బండిని స్టాండ్ల మీద పెట్టాలి (జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరొద్దు, దయచేసి). స్పార్క్ ప్లగ్గులు తీస్తే క్రాంకు చేత్తో సులువుగా తిరుగుతుంది. ట్యాపెట్ కవరూ, పై కవరూ విప్పితే టైమింగ్ బెల్ట్ కనిపిస్తుంది. నెమ్మదిగా తిప్పుతూ దాని పొడవంతా చూడండి: పళ్ళ మొదట్లో పగుళ్ళు, అంచుల్లో దారాలు లేవడం, వీపు మీద గాజులా మెరుపు, ఆయిల్ తడి.

చిన్న బెల్ట్ ఇలా కనపడదు. దానికోసం క్రాంకు పుల్లీ, ఇంజన్ను పట్టి ఉంచే ఎడమ మౌంటు, కింది కవర్ తీయాలి. పుల్లీ బోల్టు బిగింపు 245 న్యూటన్ మీటర్లు, పొడవు రాడ్డు, పుల్లీని పట్టే 50 ఎంఎం హోల్డర్ లేకుండా దాని జోలికి పోవద్దు. స్టార్టర్ కొట్టి బోల్టు వదులు చేసే చిట్కా ఇక్కడ పని చేయదు, ఈ ఇంజన్ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి బోల్టు ఇంకా బిగుస్తుంది. నా బండిలో పెద్ద బెల్ట్ బాగానే ఉంది, చిన్నదాని పళ్ళ దగ్గర పగుళ్ళు, పైగా ముందు బ్యాలెన్స్ షాఫ్ట్ సీల్ నుంచి కారిన ఆయిల్. సీల్ మార్చకుండా కొత్త బెల్ట్ వేస్తే అదీ ఆయిల్లో నానుతుంది, అందుకే స్పేర్ పార్టుల షాపులుండే జేసీ రోడ్డులో సీళ్ళు, రెండు బెల్టులు, వాటిని బిగువుగా ఉంచే టెన్షనర్లు కలిపి తెచ్చాను.

షాఫ్టుల గుర్తులు చాలా ముఖ్యం. ముందు షాఫ్ట్‌కు పుల్లీ గుర్తు ఆయిల్ పంపు మీది గుర్తుతో కలవాలి. వెనక షాఫ్ట్‌ను బ్లాకులో ఉన్న రంధ్రంలోంచి 6 ఎంఎం మందం, 100 ఎంఎం పొడవున్న బోల్టు దూర్చి కదలకుండా నిలపాలి. బెల్ట్ వేశాక ఆ బోల్టు తీయడం మరవకండి.

టెన్షన్ విషయానికొస్తే, వేళ్ళతో నొక్కి బిగువు సరిపోయిందనుకునే పద్ధతి వద్దు. బిగువు ఇచ్చేది స్ప్రింగే. మొదటి సిలిండర్‌ను టీడీసీలో (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన స్థానంలో) పెట్టి, టెన్షనర్ అడ్జస్టింగ్ నట్టును ముప్పావు చుట్టు వదులు చేయండి, ఒక చుట్టు మించకూడదు. క్రాంకును గడియారానికి ఎదురు దిశలో, క్యామ్ పుల్లీ మీద మూడు పళ్ళు కదిలేంత తిప్పి, నట్టును 45 న్యూటన్ మీటర్లకు బిగించండి. తర్వాత చేత్తోనే అయిదారు చుట్లు తిప్పి గుర్తులన్నీ మళ్ళీ చూడాలి. తిప్పేటప్పుడు పుల్లీ బోల్టు వదులైతే తిరిగి పూర్తిగా బిగించాలి.

స్టార్ట్ చేశాక 3000 దగ్గర స్టీరింగ్‌లో సన్నని వణుకు వస్తే షాఫ్ట్ గుర్తు ఏదో తప్పిందని అర్థం. మౌంట్లను అనుమానించే ముందు కవర్ మళ్ళీ విప్పి వెనక షాఫ్ట్ చూడండి, ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే.