పాటలకి ప్లేయర్ వెతుకులాట

పాట మోగితే చాలదా, ప్లేయర్ ఏదైతే ఏం అంటారు ఇంట్లో. నాలుగు పాటలకైతే వీఎల్‌సీ చాలు. వేల ఫైళ్లు పోగయ్యాకే అసలు తలనొప్పి, అదీ ట్యాగ్‌లతో, అంటే ఫైల్ లోపలే రాసి ఉండే పాట పేరు, గాయకుల పేరు లాంటి వివరాలతో. ఎంపీ3ల్లో ఈ ట్యాగ్‌లు రాసే పద్ధతి ఐడీ3. దాని మొదటి వెర్షన్‌లో పాట పేరుకి 30 అక్షరాలే చోటు, అందుకే నా పాత ఎంపీ3ల్లో పేర్లు మధ్యలోనే తెగిపోయాయి. ఒకే గాయని పేరు మూడు స్పెల్లింగుల్లో ఉంటే ముగ్గురు వేర్వేరు మనుషులైపోతారు! మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ట్యాగ్‌లు దిద్దే సాఫ్ట్‌వేర్‌తో అవన్నీ సరిచేస్తున్నా. ఫైల్ పేరు ‘ట్రాక్ 07’ అని ఉన్నా, చాలాసార్లు ధ్వనిని బట్టే అది ఏ పాటో ఇది పట్టేస్తుంది, పైగా ఉచితం. 2002లో వచ్చిన ఫూబార్2000 ప్లేయర్ చాలా తేలిక, కానీ చూడ్డానికి మరీ బోసిగా ఉంది. నాకు ఆల్బమ్ బొమ్మలు కళ్లకి కనబడాలి, కాబట్టి నా ఓటు మ్యూజిక్‌బీకి. అది విండోస్‌కే చేసింది. లైనక్స్ వాళ్లు స్ట్రాబెర్రీ ప్లేయర్ చూడండి.