కంబాలకొండలో కోయిలకి జరిగిన అన్యాయం

విశాఖలో పెళ్ళి, అదీ రాత్రికి, పగలంతా ఖాళీ. మద్దిలపాలెంలో ఆటో అతను ఊరి అంచునున్న కంబాలకొండ అడవికి చెప్పిన రేటుతో రైల్లో తెనాలి వెళ్ళిపోవచ్చు. మధురవాడ బస్సెక్కి, హనుమంతవాక దాకా ఒంటికాలి మీద నిలబడి వెళ్ళాను. చెరువు, బోట్లు చూశాను. చిరుతలుండే అడవేగానీ, అదృష్టమో దురదృష్టమో, ఏదీ ఎదురుపడలేదు.

ఎదురుపడింది ఒక పిట్ట. ఎండుకొమ్మ చివర కూర్చుని ఈల వేస్తోంది. వీపు నిగనిగలాడే నలుపు, పొట్ట తెలుపు, తోక నిక్కబొడుచుకుంది. ఈల తీసినప్పుడల్లా గొంతుకింది ఈకలు ఉబ్బుతున్నాయి. ఒక వరస అయ్యాక ఇంకోటి, మధ్యలో ఎవర్నో వెక్కిరించినట్టు చిన్న గమకం.

"పెద్ద నలంచి. నైటింగేల్ అని యూరప్‌లో పాటకి పేరుమోసిన పిట్ట ఉందే, దానికి చుట్టం," అన్నారు పక్కనే బైనాక్యులర్స్‌తో ఉన్న పెద్దావిడ. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారట.

"కోయిల కదండీ దాని చుట్టం?"

"ఎవరు చెప్పారు బాబూ!" అని ఆవిడ క్లాసు మొదలెట్టేశారు. నైటింగేల్‌నీ, దీన్నీ ఒకప్పుడు త్రష్ పక్షుల కుటుంబంలో పెట్టారట. తర్వాత డీఎన్ఏ చూసి రెండింటినీ ఫ్లైక్యాచర్ల కుటుంబం మస్సికాపిడేలోకి మార్చారు. నైటింగేల్ శాస్త్రీయ నామం లూసీనియా మెగారింకోస్, 1831లో బ్రెమ్ అనే జర్మన్ పాస్టర్ పెట్టింది. అది యూరప్‌లో గూడు కట్టుకుని చలికాలం ఆఫ్రికా పోతుంది, మన గడప తొక్కడం చాలా అరుదు.

"మరి కోయిల?"

"అసలు గాయక పక్షుల్లోనే లేదు. దాని క్రమం, అంటే కుటుంబాలకి పైనుండే వర్గం, కుకులిఫార్మిస్, వీటిది పాసెరిఫార్మిస్. కాళ్ళు చూడు. వీటికి వేళ్ళు ముందుకి మూడు, వెనక్కి ఒకటి. కోయిలకి ముందు రెండు, వెనక రెండు." గాయక పక్షులకి శ్వాసనాళం రెండుగా చీలే చోట సిరింక్స్ అనే పలికే అవయవం ఉంటుంది, దాన్ని ఆడించే కండరాలు బాగా పెరిగి ఉంటాయి, కుడి ఎడమలు విడివిడిగా పలికించగలవు అని వివరించి, ఆఖర్న బాంబు వేశారు: "ఆ లెక్కన కాకి గాయక పక్షే."

నాకు ఒళ్ళు మండింది. చిన్నప్పుడు మా మామిడిచెట్టు కింద కుహూ అని రెచ్చగొడితే, కోయిల గొంతు చించుకుని మరీ జవాబిచ్చేది. అన్నేళ్ళలో ఒక్క ముక్కే పాడిందనుకోండి, అది వేరే సంగతి. పాపం, కాకి గూట్లో పెరిగినా ఆ విద్య అబ్బలేదు! ఈ నలంచి కూడా మా నూతి దగ్గరే తిరిగేది, ఎవరం పట్టించుకోలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా మా బావకి చెప్పాను. "కాకి పాడుతుందా? ఆవిణ్ణోసారి మా డాబా మీద వడియాలు పెట్టమను," అని వడ్డించే అబ్బాయిని పిలిచి ఇంకో రెండు పూర్ణాలు వేయించుకున్నాడు.