తిరుపతిలో ఉండి ఐపీ, కమర్షియల్ లిటిగేషన్ వైపు చదివేవాళ్లకు: ఏఐబీఈ, పేటెంట్ ఏజెంట్ పరీక్ష ముచ్చట్లు

బీఎస్సీయో బీటెక్కో చేసి ఆ తర్వాత మూడేళ్ల లా చదివినవాళ్లు మన తిరుపతి, చిత్తూరు వైపు బాగానే ఉన్నారు. నాదీ అదే దారి, బయోటెక్నాలజీ తర్వాత లా. పట్టా రాగానే అందరూ సివిలా క్రిమినలా అంటారే గానీ ట్రేడ్‌మార్కులు, పేటెంట్లు (ఇవన్నీ కలిపితే మేధో సంపత్తి, అంటే ఐపీ), కమర్షియల్ సూట్లు అనే దారి ఒకటుందని చెప్పేవాళ్లు తక్కువ. ఏఐబీఈ (లాయర్లు ప్రాక్టీసుకు రాయాల్సిన ఆలిండియా బార్ పరీక్ష) సిలబస్‌లోనూ 100 మార్కులకు మేధో సంపత్తి చట్టాలకు ఇచ్చింది 2 మార్కులే, కాబట్టి ఆ యూనిట్ ఎవరూ ముట్టుకోరు. పాసైతే చాలనుకుంటే వదిలేయండి, ఏం మునిగిపోదు. ఈ లైన్‌లోకి రావాలనుకునేవాళ్లు మాత్రం ఆ 2 మార్కులతో పాటు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 10, కాంట్రాక్టు తదితరాల 8, ఏడీఆర్ (కోర్టు బయట తగాదా తీర్చుకునే పద్ధతులు) 4 కూడా ఒకే సబ్జెక్టు అనుకుని చదవాలి. రేపు కోర్టులో చేసే పని అక్కడే ఉంది.

ఉదాహరణకు చిత్తూరులో ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీకి కొన్నవాడు 8 లక్షలు ఎగ్గొట్టాడనుకోండి. 2018 సవరణ తర్వాత 3 లక్షలు, ఆపైన విలువున్న వ్యాపార తగాదా కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వస్తుంది. అర్జెంటు మధ్యంతర ఉత్తర్వు అడగనప్పుడు సెక్షన్ 12ఏ ప్రకారం ముందు మీడియేషన్‌కి వెళ్లాల్సిందే, అది తప్పనిసరని 2022లో సుప్రీంకోర్టు పాటిల్ ఆటోమేషన్ కేసులో తేల్చేసింది. అదే ఫ్యాక్టరీ పేరు ఇంకొకడు డబ్బాల మీద వేసుకుంటే మనం ఇంజంక్షన్ (ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడుగుతాం కాబట్టి మామూలుగా నేరుగా సూటే వేస్తారు. ప్రతివాది జవాబుకు 30 రోజులు, కోర్టు దయతలిస్తే 120 వరకు, ఆ తర్వాత తలుపు మూసేసినట్టే. మామూలు సివిల్ సూట్‌లో ఇంత పట్టుదల ఉండదు, ఆలస్యాన్ని కోర్టు మన్నించగలదు. ఈ తేడా పట్టుకుంటే సెక్షన్లు బట్టీ పట్టే టెన్షన్ సగం తగ్గుతుంది.

జీఐ (భౌగోళిక గుర్తింపు, ఒక ప్రాంతం వల్ల పేరొచ్చిన వస్తువుకిచ్చే రక్షణ) చట్టానికి మనకంటే మంచి ఊరు దొరకదు. తిరుపతి లడ్డూకి 2009లో జీఐ వచ్చింది, హక్కు టీటీడీది. శ్రీకాళహస్తి కలంకారీకీ జీఐ ఉంది, కానీ అది ఎందరో కళాకారుల పని. జీఐ అసలు ఉత్పత్తిదారుల సమూహం కోసం పెట్టింది కదా, ఒక్క సంస్థ చేసే ప్రసాదానికి ఎలా సరిపోతుందన్న వాదన అప్పట్నుంచీ ఉంది. నన్నడిగితే ఆ వాదనలో బలం ఉంది (మా ఇంట్లో ఈ మాటంటే అన్నం పెట్టరు). ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని సెక్షన్ 2, 11, 17 చదవండి.

మెటీరియల్ సంగతి. పాత జిరాక్స్ నోట్సులు చేతులు మారుతూనే ఉంటాయి, కొనేముందు ఒకటి చూడండి: అప్పీళ్లు ఐపీఏబీకి (ఐపీ అప్పీళ్లు వినే బోర్డుకి) వెళ్తాయని రాసుంటే పక్కన పడేయండి, అది 2021లోనే రద్దయింది. పేటెంట్ పరిశీలన కోరడానికి 48 నెలలని ఉన్నా అంతే, 2024 మార్చి సవరణ రూల్స్ తర్వాత వేసిన దరఖాస్తులకు గడువు 31 నెలలు. బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకం) తాజాది కొనుక్కోండి, ఏఐబీఈకి నోట్స్ లేని బేర్ యాక్ట్ లోపలికి తీసుకెళ్లొచ్చు కాబట్టి ఏ సెక్షన్ ఎక్కడుందో వేళ్లకు తెలియాలి.

పేటెంట్ ఏజెంట్ (ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు వేసి నడిపించేవాళ్లు) పరీక్షకు సైన్స్, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండాలి. బీఏ, బీకాం వాళ్లు దిగులుపడక్కర్లేదు, అడ్వకేటుకు ట్రేడ్‌మార్క్, కాపీరైట్, జీఐ పనులన్నీ చేతిలోనే ఉంటాయి. మొదటి పేపర్ చట్టం, రూల్స్, చదివితే వస్తుంది. జనం జారేది రెండో పేపర్‌లో, స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరాల పత్రం) రాయడంలో. కోచింగ్ కంటే రోజూ ఇంట్లో ఒక వస్తువు ముందు పెట్టుకుని క్లెయిమ్ (పేటెంట్ రక్షణ ఎంతవరకో చెప్పే వాక్యం) రాయడమే మేలు. కాఫీ ఫిల్టర్ తీసుకోండి: పై గిన్నె, దాని అడుగున రంధ్రాలు, డికాక్షన్ దిగే కింది గిన్నె. మొదటి క్లెయిమ్‌లోనే 'స్టీలు గిన్నె' అని రాశారో, రేపు ఇత్తడితో చేసినవాడు మన క్లెయిమ్ బయట హాయిగా వ్యాపారం చేసుకుంటాడు. స్టీలు సంగతి కింద ఇంకో క్లెయిమ్‌లో పెట్టాలి. అలాగని మరీ వదులుగా రాస్తే పాత ఫిల్టర్లన్నీ అందులో పడి కొత్తదనమే పోతుంది. ఎంత చదివినా ఈ కొలత రాస్తేనే పట్టుబడుతుంది. రాసింది ఇంకొకరికిచ్చి దీన్ని తప్పించుకుని వస్తువు చెయ్యమనండి, వాళ్లు పది నిమిషాల్లో దారి కనిపెడితే మళ్లీ రాయండి.

రెండు పేపర్లూ అయ్యాక వైవా ఉంటుంది. నోవార్టిస్ క్యాన్సర్ మందుకు పేటెంట్ నిరాకరించిన 2013 సుప్రీంకోర్టు తీర్పు, దానికి ఆధారమైన పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి), హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకి 2012లో వచ్చిన కంపల్సరీ లైసెన్సు (పేటెంట్ ఉన్నవాడి ఒప్పుకోలు లేకుండా తయారుచేసే అనుమతి), ఈ మూడూ కథలా చెప్పగలిగేలా ఉండండి.

చివరగా ఎక్కడ చేరాలని చాలామంది అడుగుతున్నారు. పేటెంట్ ఆఫీసు, ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ, జీఐ రిజిస్ట్రీ మూడూ చెన్నై గిండీలోనే, మన రాష్ట్రం దరఖాస్తులు చూసేదీ అక్కడే. పొద్దున రైలెక్కితే చేరిపోవచ్చు. మొదటి రెండేళ్లు ఇక్కడ సివిల్ సీనియర్ దగ్గర ప్లెయింట్లు (దావా పత్రాలు), ఇంజంక్షన్ పిటిషన్లు రాయడం నేర్చుకుని తర్వాత చెన్నై వెళ్లమంటాను. అక్కడ మొదట్లో ఇచ్చే స్టైపెండు గది అద్దెకు సరిపోతుందో లేదో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.