ముందు ఎవరికి ఫోన్ చేశారు?

ఇంగ్లండ్‌లో ఏ అండ్ ఈలో నర్సుని, అంటే మన క్యాజువాలిటీ. వచ్చినవాళ్లను నొప్పి ఎక్కడ అని అడిగాక నేను తప్పకుండా అడిగేది, ముందు ఎవరికి ఫోన్ చేశారు అని. ఇక్కడివాళ్లు చాలామంది ఒకటే వరస చెప్తారు, పొద్దున 8 గంటలకు జీపీకి, అంటే మన ఫ్యామిలీ డాక్టరు లాంటాయనకు, చేస్తే లైన్ దొరకలేదు, మందుల షాపులో అడిగాం, చివరికి ఫోన్లో వైద్య సలహా ఇచ్చే 111కి చేస్తే ఇటు పంపారు అని. మనవాళ్ల వరస వేరు.

పోయిన చలికాలం ఒక పెద్దాయన వచ్చారు, కొడుకు దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చినాయన. రాత్రి 9 గంటలప్పుడు గుండెల్లో పట్టేసినట్టయితే గ్యాసనుకుని వాము నమిలారు, ఈనో తాగారు, కోడలు హైదరాబాద్‌లో తెలిసిన డాక్టరుకు వాట్సాప్ పెట్టింది, అక్కడ అర్ధరాత్రి దాటింది కాబట్టి ఆయన లేచి చూసేదాకా ఆగారు. నాలుగు గంటలు! మందులు ఒక కవర్లో తెచ్చారు, అన్నీ కత్తెరతో కోసిన స్ట్రిప్పు ముక్కలే, ఒక్కదాని మీదా పేరు పూర్తిగా లేదు.

ఈసీజీ తీస్తూ "ఎందుకాగారు బాబాయ్" అంటే నా చెయ్యి పట్టుకుని "బిల్లెంతవుద్దోనమ్మా, పిల్లాడి మీద పడుద్ది కదా" అన్నారు.

మా ఊళ్లో ఛాతీ నొప్పంటే 108కి చేయాలని చిన్నపిల్లాడికి కూడా తెలుసు, 2005 నుంచి ఆ బండి తిరుగుతూనే ఉంది. విమానం దిగేసరికి ఆ ధైర్యం ఎటు పోతుందో. ఇక్కడ ఛాతీ నొప్పికి 111 కూడా కాదు, నేరుగా 999, అంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు. అంబులెన్సుకు డబ్బుల్లేవు, ఏ అండ్ ఈలో చూసినందుకు విజిట్ మీద వచ్చినవాళ్లకు కూడా బిల్లు లేదు. వార్డులో చేర్చుకుంటేనే వాళ్లకు లెక్క మొదలవుతుంది, అదీ మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు, నిజమే, కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు ముందు డబ్బు కట్టమని ఎవరూ ఆపరు. ఇంగ్లీషు రాకపోతే 111లో తెలుగు అని చెప్పండి చాలు, మాట తర్జుమా చేసేవాళ్లను లైన్లోకి తెస్తారు.

ఆయనకు తెల్లారేలోగా స్టెంట్ వేశారు. బయట కుర్చీలో కొడుకు తల పట్టుకుని కూర్చున్నాడు. తండ్రి వచ్చే ముందే ఇన్సూరెన్స్ తీసుకున్నాడట, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.