జనవరి 17, బరంపురం

పండగ చుట్టాలందరూ వెళ్ళిపోయారు. పొద్దున్న మిగిలిన అరిసెలు డబ్బాకెత్తడం, మధ్యాహ్నం నుంచి దుకాణం. బేరాలు పెద్దగా లేవు. రాయగడ నుంచి వచ్చిన అక్క కొడుకు ఒక్కడే ఆగిపోయాడు. బళ్ళో గిరిజన స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ నాయక్ మీద ప్రాజెక్టు ఇచ్చారట. ఆయన్ని ఉరితీసింది మా ఊరి జైల్లోనే గనక ఇక్కడే కూర్చుని రాసుకుంటానన్నాడు.

సాయంత్రం చీరల బల్ల మీదే చార్టు పరిచాడు. "1943 మార్చి 29, బ్రహ్మపుర జైలు" అని ఎర్ర స్కెచ్చు పెన్నుతో ఒడియాలో గుండ్రంగా రాసి, కింద గీత గీశాడు. ఇవాళ తేదీ చూస్తే, ఆఫ్రికాలో కాంగో దేశపు మొదటి ప్రధాని లుముంబాని చంపిన రోజు. వాడికి కాంగో ఎక్కడుందో ఫోనులో చూపించి, ఆ కథ చెప్పాను. అంతా విని, "అయితే చంపింది వాళ్ళోళ్ళే కదా మావా?" అన్నాడు.

పిల్లాణ్ణి ఏమనగలం? లోకం అలా అనుకోవాలనే అంత ఏర్పాటూ చేశారు.

1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చిన రోజునే, బెల్జియం రాజు ఎదుట, తెల్లవాళ్ళు పెట్టిన బాధలన్నీ ఏకరువు పెట్టాడు లుముంబా. అప్పటికి ఆయనకి 34 ఏళ్ళు. పట్టుమని పదిహేను రోజులు కాకుండానే రాగి గనులున్న కటంగా రాష్ట్రం కాంగో నుంచి విడిపోయింది, వెనక బెల్జియం గనుల కంపెనీ. సెప్టెంబరులో సైన్యాధిపతి మొబుటు అధికారం లాక్కున్నాడు. అదే నెలలో సీఐఏ విషం కూడా పంపింది. అది వాడే అవసరం రాలేదు గానీ, పంపిన మాట 1975లో అమెరికా సెనేటు కమిటీయే బయటపెట్టింది. చివరికి 1961లో ఈ రోజున ఆయన్నీ ఇద్దరు సహచరుల్నీ విమానంలో కొట్టుకుంటూ కటంగా తీసుకెళ్ళి, రాత్రి అడవిలో కాల్చేశారు. తుపాకులు పట్టింది కటంగా సిపాయిలు. పక్కన నిలబడింది బెల్జియం అధికారులు.

ఫిబ్రవరి 13న ప్రకటన వచ్చింది: పారిపోతుంటే ఊరివాళ్ళు చంపేశారని. ఊరివాళ్ళట! అప్పటికే శవాన్ని తవ్వి తీసి, ముక్కలు చేసి, యాసిడ్‌లో కరిగించారు. ఆ పని చేసిన బెల్జియం పోలీసు అధికారి పళ్ళు దాచుకున్నాడు. బంగారు తొడుగున్న ఒక పన్ను 2022 జూన్‌లో పిల్లల చేతికొచ్చింది. తండ్రి ఒంట్లోంచి వాళ్ళకి దక్కింది అంతే. ఇది రాస్తుంటే చెయ్యి వణుకుతోంది.

పశ్చిమ ఆఫ్రికాలో గినీ-బిస్సావ్ విముక్తి కోసం పోరాడిన కబ్రాల్‌ది కూడా ఇదే వరస. 1973 జనవరిలో, పక్క దేశం గినీ రాజధాని కొనాక్రీలో కాల్చింది సొంత పార్టీవాళ్ళే. ఆయన పోరాడింది పోర్చుగల్ మీద.

మన ఒడిశాలోని మత్తిలి ఊరి సంగతీ వాడికి చెప్పాను. 1942 ఆగస్టులో లక్ష్మణ నాయక్ జనాన్ని వెంటబెట్టుకుని పోలీసు ఠాణాకి వెళ్ళాడు. పోలీసులు కాల్చారు, జనం పోయారు. ఆ గొడవలోనే రామయ్య అనే ఫారెస్టు గార్డు చచ్చిపోయాడు. ఆ చావుని నాయక్ మెడకి చుట్టి ఉరి వేశారు. జనం మీద కాల్పులు జరిగిన చోట హంతకుడన్న ముద్ర పడింది ఆ జనాన్ని నడిపించినవాడికి! రామయ్యని తలుచుకున్నా నాకు జాలే. సర్కారు జీతానికి అడవి కాపలా కాసిన మనిషి, ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. చార్టులో ఆయన పేరూ రాయమన్నాను.

"మరి ఆ బెల్జియమోళ్ళకి శిక్ష పడలేదా?" అనడిగాడు వాడు. 2001లో వాళ్ళ పార్లమెంటు కమిషను నైతిక బాధ్యత మాదేనంది, మర్నాటి ఏడు ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2011లో లుముంబా పిల్లలు బ్రస్సెల్స్‌లో కేసు పెట్టారు. అందులో పేర్లున్నవాళ్ళలో చాలామంది బోనెక్కకుండానే, వయసు మీదపడి పోయారు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు.